యూరప్ వెళ్లేవాళ్లు రైన్ నది వెంట వెళ్లండి

సంపాదకులకు,

నమస్కారం. ఏప్రిల్ చివరి ఆదివారం మీ అనుబంధంలో పశ్చిమ యూరప్ వేసవి యాత్ర గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. ఫొటోలు బాగున్నాయి. తొమ్మిది రోజుల్లో ఏడు దేశాలు బస్సులో చుట్టి రావడం ఎలాగో, ఏ ఊళ్లో ఎక్కడ నిలబడి ఫొటో దిగాలో వివరంగా రాశారు. ముసలివాళ్లనీ చిన్నపిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లే కుటుంబాలకి అది మంచి సలహా కాదని చెప్పడానికే ఈ ఉత్తరం. నేను రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైనవాణ్ని. పోయిన ఏడాది మే నెలాఖర్లో నేనూ, మా ఆవిడా, అబ్బాయీ, కోడలూ, ఎనిమిదేళ్ల మనవరాలూ, నాలుగేళ్ల మనవడూ కలిసి అటే వెళ్లొచ్చాం.

ముందుగా ఒక చిన్న సవరణ. మీ వ్యాసంలో రైన్ నది పొడవు 1,320 కిలోమీటర్లని పడింది. అసలు పొడవు దాదాపు 1,230. మీ రచయితని తప్పుపట్టడం లేదు. జర్మనీలోని విజ్ఞాన సర్వస్వాలే దశాబ్దాల పాటు 1,320 అని అచ్చేసుకుంటూ వచ్చాయి. ఎవరో ఎప్పుడో 2నీ 3నీ తారుమారు చేసి ఉంటారనీ, మిగతావాళ్లు కొలవకుండానే ఎక్కించుకున్నారనీ 2010లో కొలోన్ విశ్వవిద్యాలయ జీవశాస్త్రవేత్త బ్రూనో క్రెమెర్ బయటపెట్టాడు. ఈ నది సంగతి ముందే ఎత్తడానికి కారణం ఉంది. మా యాత్ర మొత్తం దాని వెంటే జరిగింది.

మా వియ్యంకుడు గారు అంతకుముందు ఏడాది మీరు రాసినలాంటి బస్సు ప్యాకేజీలోనే వెళ్లొచ్చారు. సంతోషంగానే వచ్చారు, ఆ మాట దాచను. కొలోన్‌లో పెద్ద చర్చి ముందు నలభై నిమిషాలు ఆపారట. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఒక జలపాతం దగ్గర గంటసేపు. ఆ చర్చి వెనకాల పారేదీ, ఈ జలపాతమై దూకేదీ ఒకటే నది అని మా కోడలు మాటల్లో చెప్పేదాకా ఆయనకి తెలియదు. గైడ్ చెప్పే ఉంటాడు. బస్సులో అందరూ నిద్రపోతూ ఉండి ఉంటారు.

గైడ్లు ఎందుకంత తొందరపెడతారో నాకు బాగానే అర్థమవుతుంది. అక్కడ బస్సు డ్రైవర్ రోజుకి 9 గంటలకి మించి నడపకూడదు, వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్లొచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి. రోజుకి 11 గంటల విశ్రాంతి ఉండాలి, కొన్ని రోజులు దాన్ని 9కి తగ్గించుకోవచ్చు. ఇదంతా బస్సులో టాకోగ్రాఫ్ అనే యంత్రంలో రికార్డవుతుంది, దారిలో ఆపి తనిఖీ చేస్తారు. డ్యూటీ గంటల కోసం యూనియన్‌లో కొట్లాడినవాణ్ని గనక ఆ రూలుకి నేను రెండు చేతులా దండం పెడతాను. కానీ ఏడు దేశాల్ని ఆ గంటల్లో ఇరికిస్తే కోత పడేది ప్రయాణికుడి సమయానికే. పొద్దున్నే పెట్టెలు సర్దు, రాత్రి విప్పు, మళ్లీ సర్దు. నాలుగేళ్ల పిల్లాడికి దారిలో అవసరమైతే బస్సంతా వాడి కోసం ఆగాలి, లేదా వాడు బిగబట్టుకోవాలి.

దేశాల జాబితా పక్కనపెట్టి నదిని పట్టుకుందామన్నది మా కోడలి ఆలోచన. తను స్కూల్లో సోషల్ చెబుతుంది. సముద్రంలో కలిసే చోట మొదలుపెట్టి, పుట్టే చోటు వైపు ఎగువకి వెళ్లడం. ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగి, జ్యూరిక్‌లో విమానం ఎక్కి తిరిగి రావడం. నడుమ అంతా రైలు, ట్రామ్, పడవ. నెదర్లాండ్స్, జర్మనీ, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ వాటంతట అవే దారిలో తగిలాయి. పారిస్ చూడలేదు. ఐఫిల్ టవర్ ఫొటో లేకుండా యూరప్ వెళ్లొచ్చామంటే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ నమ్మడం లేదు.

రోటర్‌డామ్‌లో మెట్రో బి లైను ఎక్కి కూర్చుంటే చివరి స్టేషన్ సముద్రపు ఒడ్డే. ఊరి పేరు హుక్ ఆఫ్ హాలండ్. 2023లో ఆ లైనుని బీచ్ దాకా పొడిగించారు. అక్కడ నది మనుషులు తవ్విన కాలువలోంచి తిన్నగా సముద్రంలోకి పోతుంది. కొంచెం ఎగువన మాస్లాంట్ అనే తుపాను గేటు ఉంది. 1997లో పూర్తయిన ఆ గేటుకి ఒక్కో రెక్క పొడవు 210 మీటర్లు. సముద్రం పొంగినప్పుడు రెండు రెక్కల్నీ నదికి అడ్డంగా తెచ్చి మూసేస్తారు. మా మనవడు ఇప్పుడే మూసి చూపించమని చాలాసేపు పేచీ పెట్టాడు.

నది ఒడ్డున కిలోమీటరు బోర్డులుంటాయి. సున్నా మొదలయ్యేది ఎక్కడో పైన, కాన్‌స్టాన్స్ ఊళ్లోని వంతెన దగ్గర. హుక్ ఆఫ్ హాలండ్ దగ్గర 1,036తో ముగుస్తుంది. ఉద్యోగం పొడుగునా లైను పక్కన కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ తిరిగిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? మనవరాలు ఒక నోట్‌బుక్ పెట్టుకుంది. ఎగువకి పోతున్నాం కాబట్టి అంకెలు తగ్గుతూ వస్తాయి. కొలోన్ రైలు వంతెన దగ్గర 688, కోబ్లెంజ్‌లో 592, స్ట్రాస్‌బర్గ్ దగ్గర 293, బాసెల్ నడిబొడ్డున 166. ఏ ఊరు వెళ్లినా ముందు బోర్డు వెతకడమే దాని పని. మ్యూజియంలో పది నిమిషాలు నిలబడని పిల్ల ఆ బోర్డు కోసం మైలు నడిచేది.

నెదర్లాండ్స్ గురించి మీ పాఠకులకి రెండు మాటలు. మీ వ్యాసంలో మొదటి ఫొటో ట్యూలిప్ తోటది. ఆ కూకెన్‌హోఫ్ తోట మార్చి మధ్యలో తెరిచి మే మధ్యలో మూసేస్తారు. మన పిల్లలకి సెలవులిచ్చి, మనం పెట్టె సర్దుకుని వెళ్లేసరికి పువ్వులుండవు. దాని బదులు రోటర్‌డామ్ నుంచి వాటర్‌బస్ ఎక్కి కిండర్‌డైక్ వెళ్లండి. నీళ్లు తోడిపోయడానికి 1740 ప్రాంతంలో కట్టిన గాలిమరలు అక్కడ 19 ఉన్నాయి, ఎప్పుడు వెళ్లినా ఉంటాయి. ఇంకొకటి, అక్కడ రైలుకీ ట్రామ్‌కీ బ్యాంకు కార్డు తాకించి ఎక్కొచ్చు. కానీ మనిషికో కార్డు ఉండాలి. దిగేటప్పుడు మళ్లీ అదే కార్డు తాకించాలి, ఫోనుతో ఎక్కి కార్డుతో దిగితే అది వేరే లెక్క కింద పడుతుంది.

కొలోన్‌లో స్టేషన్ గుమ్మం దాటగానే ఎదురుగా చర్చి. 157 మీటర్ల ఎత్తు. 1248లో మొదలుపెట్టి 1880లో పూర్తి చేశారు. మధ్యలో పని ఆగిపోయి, సగం కట్టిన గోపురం మీద పాత క్రేన్ కొన్ని వందల ఏళ్లు అలాగే నిలబడి ఉందట. మేం వెళ్లింది ఆదివారం. జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్లన్నీ మూసేస్తారు, పాలపొడి కావాలన్నా దొరకదు. పెద్ద స్టేషన్ల లోపల ఉన్న షాపులు మాత్రం తెరిచే ఉంటాయి. ఆ రోజు మా భోజనం, పండ్లు, పెరుగు అన్నీ కొలోన్ స్టేషన్లోనే. చర్చి పక్కనున్న వంతెన మీద రైళ్లు ఎడతెరిపి లేకుండా వస్తూ పోతూ ఉంటాయి. మా వాళ్లు చర్చి లోపల రంగుల అద్దాలు చూస్తుంటే నేను ఆ వంతెన చివర నిలబడిపోయాను.

అసలు చూడాల్సింది కోబ్లెంజ్ నుంచి బింగెన్ దాకా ఉన్న 65 కిలోమీటర్లు. 2002లో యునెస్కో జాబితాలో చేర్చారు. కోబ్లెంజ్‌లో మోజెల్ నది వచ్చి రైన్‌లో కలుస్తుంది. సంగమం అన్న మాట చెవిన పడగానే మా ఆవిడ మోకాళ్ల నొప్పి మర్చిపోయి మెట్లు దిగింది. నీళ్లు తన నెత్తిన చల్లుకుని, పిల్లల నెత్తిన చల్లి, "ఏమండీ, మీరూ రండి" అని నన్నూ పిలిచింది. పక్కన కూర్చున్న ఒక జర్మన్ పెద్దావిడ నవ్వుతూ చూసింది. అక్కడ గుర్రం మీద కైజర్ విల్హెల్మ్ విగ్రహం ఒకటి బ్రహ్మాండంగా ఉంటుంది. 1897 నాటిది, 1945లో యుద్ధంలో కూలిపోతే 1993లో మళ్లీ నిలబెట్టారు. నదులు కలిసే చోట గుడి కట్టుకోకుండా రాజు బొమ్మ పెట్టుకోవడమేమిటని మా ఆవిడ అభ్యంతరం.

కోబ్లెంజ్ దాటితే మైన్జ్ దాకా నది మీద వంతెనే లేదు. అటూ ఇటూ పోవాలంటే ఫెర్రీ పడవలే. రెండు ఒడ్ల మీదా రైలు మార్గాలున్నాయి, ఎడమ ఒడ్డున ఎక్కువగా ప్రయాణికుల బళ్లు, కుడి ఒడ్డున గూడ్సులు. రోటర్‌డామ్ రేవు నుంచి ఇటలీలోని జెనోవా వైపు పోయే సరుకు ఈ ఇరుకు లోయ గుండానే వెళుతుంది. మేం బకరాక్ అనే చిన్న ఊళ్లో దిగాం. రాత్రంతా గూడ్సు చప్పుళ్లని ఆ హోటల్ గురించి రాసినవాళ్లు ఫిర్యాదు చేశారు. అది చదివే నేను నది వైపు గది అడిగి తీసుకున్నాను. మా అబ్బాయి వాళ్లు వెనక గదిలో పడుకున్నారు.

లోరెలై అనే కొండ దగ్గర, 554 బోర్డు దాటాక, నది సన్నబడి మెలిక తిరుగుతుంది. రాతి మీద కూర్చుని జుట్టు దువ్వుకునే అందగత్తెని చూస్తూ పడవవాళ్లు రాళ్లకి గుద్దుకునేవాళ్లని కథ. ప్యాకేజీల వాళ్లు ఆ కథ చెప్పి, కొండ చూపించి వెళ్లిపోతారు. నాకు నచ్చింది కథ కాదు, అక్కడి సిగ్నళ్లు. ఎగువకి వచ్చే ఓడకి మలుపు అవతలి నుంచి దిగుతున్న ఓడ కనపడదు. ప్రవాహంతో పాటు దిగే ఓడ ఆగాలన్నా చప్పున ఆగలేదు. అందుకని ఒబర్‌వేజెల్, సాంక్ట్ గోఆర్ ఊళ్ల మధ్య ఒడ్డున దీపాల సిగ్నళ్లు పెట్టారు. ముందు సెక్షన్లో ఓడ దిగుతోందా లేదా, ఎలాంటి ఓడ అన్నది ఆ తెల్లటి దీపపు గీతల్ని బట్టి ఎగువకి పోయేవాడికి తెలిసిపోతుంది. పూర్వం ఇదే పని మనుషులు జెండాలు పట్టుకుని చేసేవాళ్లు. బ్లాక్ సెక్షన్ అంటే, లైనుని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కలోకి ఒకసారికి ఒక్క బండినే వదలడం అని ముప్పై ఏళ్లుగా ఇంట్లో వివరిస్తూనే ఉన్నాను, ఎవరూ చెవిన పెట్టలేదు. ఆ రోజు ఓడలు చూపిస్తూ చెబితే మా కోడలు, "ఇదా మావయ్యగారూ మీరు చెప్పేది!" అంది.

పడవ ఎక్కేవాళ్లకి ఒక సలహా. ఎగువకి పడవలో వెళితే ప్రవాహానికి ఎదురు గనక చాలా సమయం పడుతుంది, పిల్లలు విసుగెత్తిపోతారు. రైల్లో పైకి వెళ్లి పడవలో కిందికి రండి. వేసవి ముదిరాక వెళ్లేవాళ్లు నీటిమట్టం చూసుకోవాలి. కౌబ్ ఊరి దగ్గర కొలబద్ద 2018 అక్టోబరులో 25 సెంటీమీటర్లకి పడిపోయింది. అలాంటప్పుడు పెద్ద ఓడలు సగం సరుకుతో నడుస్తాయి. మే, జూన్ నెలల్లో ఆల్ప్స్ మంచు కరిగి వస్తుంది కాబట్టి సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు.

యూరప్ రైళ్లు క్షణం తప్పవని మీరు రాశారు. అలా రాయకండి, నమ్మి వెళ్లినవాళ్లు కంగారు పడతారు. మేం ఎక్కిన ఒక రైలు గంటకి పైగా ఆలస్యమైంది. ఏ దేశంలో, ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం, రైలన్నాక ఆలస్యం ఉంటుంది. తెలుసుకోవాల్సింది ఏమిటంటే, యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం రైలు 60 నిమిషాలు ఆలస్యమైతే టికెట్ ధరలో 25 శాతం, 120 నిమిషాలు దాటితే 50 శాతం వెనక్కి అడగొచ్చు. అడగాలి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. మా కోడలు ఫోన్లోనే ఫారం నింపింది, డబ్బు వచ్చింది. రైలు మారాల్సిన చోట యాప్ చూపించే ఆరు నిమిషాల కనెక్షన్‌ని ముసలివాళ్లతో అస్సలు పెట్టుకోవద్దు. కూలీలు ఉండరు. రెండు నిమిషాల్లో ఎక్కాలి. ప్లాట్‌ఫారం మీద ఏ, బి, సి అని అక్షరాలు వేలాడుతుంటాయి, మన బోగీ ఏ అక్షరం కింద ఆగుతుందో బోర్డు మీద చూసుకుని అక్కడే నిలబడాలి. కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోయి చెరో ఊరికి పోతాయి. అందుకని రైలు పేరు చూస్తే చాలదు, బోగీ మీద రాసిన ఊరి పేరు చూసి ఎక్కండి. పెట్టె ఎవరిది వాళ్లు మెట్ల మీదుగా మోయగలిగినంతే ఉండాలి.

కేల్ అనే జర్మన్ ఊళ్లో ట్రామ్ ఎక్కి, రైన్ దాటి, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో దిగాం. ఆ ట్రామ్ 2017 నుంచి నడుస్తోంది. పాలు తెచ్చుకోవడానికి వెళ్లినట్టు జనం సంచులు పట్టుకుని దేశం దాటుతుంటారు. అయితే జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి భూ సరిహద్దులన్నిటి దగ్గరా మళ్లీ తనిఖీలు పెట్టింది. షెంగెన్ దేశాలు కదా, వాటి మధ్య తనిఖీలుండవులే అని పాస్‌పోర్టులు హోటల్లో వదిలి వెళ్లకండి. మేం తిరిగి వచ్చేటప్పుడు పోలీసులు ట్రామ్ ఎక్కి చూశారు.

స్ట్రాస్‌బర్గ్ ఉన్న అల్సాస్ ప్రాంతం 1871లో జర్మనీకి, 1918లో ఫ్రాన్స్‌కి, 1940లో మళ్లీ జర్మనీకి, ఆ యుద్ధం చివర్లో మళ్లీ ఫ్రాన్స్‌కి వెళ్లింది. ఆ చరిత్ర పుస్తకాల్లో చదవక్కర్లేదు, రైలు పట్టాల దగ్గర నిలబడితే కనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో రెండు లైన్లున్న చోట రైళ్లు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి. అల్సాస్‌లో మాత్రం కుడి వైపు, ఎందుకంటే 1871 నుంచి 1918 దాకా అది జర్మన్ పద్ధతిలో నడిచిన రైల్వే. దేశం తిరిగొచ్చినా పద్ధతి మార్చలేదు. పాత సరిహద్దు దగ్గర ఒక లైను ఇంకో లైను మీదుగా ఎక్కి దిగేలా వంతెనలు కట్టి వైపు మారుస్తారు. మేం స్ట్రాస్‌బర్గ్ నుంచి బాసెల్ వెళుతుంటే బండి కుడి వైపు నడిచింది. స్విస్ రైళ్లు ఎడమ వైపు నడుస్తాయి కాబట్టి, వైపు ఎక్కడ మారుతుందో చూద్దామని నేను కిటికీకి అతుక్కుపోయి కూర్చున్నాను. మా అబ్బాయి నా ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు.

అదే ఊళ్లో రైన్ నౌకాయాన కమిషన్ కార్యాలయం ఉంది. 1815లో యూరప్ దేశాలన్నీ కూర్చున్న వియన్నా కాంగ్రెస్ అనే సమావేశంలో పుట్టిన సంస్థ, ఇప్పటికీ పనిచేస్తున్న అంతర్జాతీయ సంస్థల్లో అన్నిటికన్నా పాతది. ఫ్రాన్స్, జర్మనీ రెండు ప్రపంచ యుద్ధాలు చేసుకున్నాయి, కమిషన్ మాత్రం నిలిచింది. నదుల బోర్డులు, ట్రిబ్యునళ్ల వార్తలు రోజూ వేసే మీ పత్రిక దీని మీద ఒక వ్యాసం వేస్తే బాగుంటుంది.

బాసెల్‌కి మా మనవడు పెట్టిన పేరు గడియారం ఊరు. స్విస్ స్టేషన్ గడియారాన్ని 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే రైల్వే ఇంజినీరు రూపొందించాడు. ఎర్రటి సెకన్ల ముల్లు చివర గుండ్రటి బిళ్ల ఉంటుంది. బండి బయలుదేరమని ప్లాట్‌ఫారం మీద ఎత్తి చూపించే పలక ఆకారం అది. ఆ ముల్లు దాదాపు 58 సెకన్లన్నరలో చుట్టు పూర్తిచేసి, 12 మీద ఆగి, నిమిషం సంకేతం వచ్చాక మళ్లీ కదులుతుంది. వాడు, నేను ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని అది ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టాం. మ్యూజియం టికెట్ల కన్నా ఇది చవక.

అక్కడి ఫెర్రీలకి ఇంజిన్ లేదు. నదికి అడ్డంగా పైన కట్టిన తీగకి పడవని తాడుతో తగిలించి, చుక్కాని వంచితే ప్రవాహమే అవతలి ఒడ్డుకి తోస్తుంది. సాయంత్రం కొందరు బట్టలన్నీ చేప ఆకారపు వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి, దాన్ని పట్టుకుని నదిలో తేలుతూ పోయారు. ఇదే నదిలో 1986 నవంబరు 1న ఊరి పక్కన ష్వైజర్‌హాలె దగ్గర రసాయనాల గోదాం తగలబడి, మంటలార్పిన నీళ్లు విషమై కలిసి, చేపలు కుప్పలుగా చచ్చిపోయాయి. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ దెబ్బకి నది మీదున్న దేశాలన్నీ కూర్చుని శుభ్రం చేసే పని పెట్టుకున్నాయి. నదిలో తేలుతున్న ఆ మనుషుల్ని చూసి మా అబ్బాయి కూడా దిగాడు. మోకాళ్ల దాకా వెళ్లి చలికి వెనక్కొచ్చాడు.

స్విట్జర్లాండ్‌లో డబ్బు మంచినీళ్లలా పోతుంది, ఇందులో మీ వ్యాసం చెప్పింది నిజమే. మేం చివరి మజిలీ కాన్‌స్టాన్స్‌లో పెట్టుకున్నాం. అది జర్మన్ ఊరు, గదీ తిండీ యూరోల్లో, నడిచి వెళితే అవతలి వీధి స్విట్జర్లాండ్. అక్కడి నుంచి షాఫ్‌హౌజెన్ జలపాతం రైల్లో దగ్గరే. ఎత్తు 23 మీటర్లే, వెడల్పు 150. ఎత్తు చూసి తక్కువ అనుకుంటాం, మంచు కరిగే జూన్ నీళ్లు చూశాక మాట రాదు. మా వియ్యంకుడు గారికి అక్కడి నుంచి వీడియో కాల్ చేద్దామంటే సిమ్ పని చేయలేదు. స్విట్జర్లాండ్ షెంగెన్‌లో ఉంది కానీ యూరోపియన్ యూనియన్‌లో లేదు, యూనియన్ రోమింగ్ అక్కడ వర్తించదు. సిమ్ కొనేటప్పుడే ఆ దేశం పేరు కూడా ఉందో లేదో చూసుకోవాలి.

నది పుట్టేది తోమా అనే సరస్సులో, 2,345 మీటర్ల ఎత్తున. కింద ఒబెరాల్ప్ కనుమ దాకా పళ్లచక్రం రైలు వెళుతుంది, 2,044 మీటర్లు. సరస్సుకి నడిచే దారిలో జూన్ మొదట్లో ఇంకా మంచు ఉంది, మేం వెళ్లలేదు. ఆ కనుమ మీద ఎర్రటి లైట్‌హౌస్ ఒకటి ఉంది! సముద్రం లేని చోట అదేమిటా అని చూస్తే, హుక్ ఆఫ్ హాలండ్‌లో ఒకప్పుడున్న లైట్‌హౌస్ నమూనా అట. మనవరాలు నోట్‌బుక్‌లో దాని బొమ్మ వేసి, కిలోమీటరు అంకె వేయాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టింది. మేం చూస్తూ వచ్చిన అంకెలు కాన్‌స్టాన్స్ దగ్గర సున్నాతో అయిపోయాయి మరి.

తిండి సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. మన ఆడవాళ్లు పెట్టె సర్దేటప్పుడు పనికొచ్చేది అదే. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. నెయ్యి, కోవా, పూతరేకులు వద్దు. పళ్లకీ కూరగాయలకీ ఆకులకీ సర్టిఫికెట్ కావాలి. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్ పళ్లకి మాత్రం అక్కర్లేదు. మామిడిపళ్లు ఆ జాబితాలో లేవు, కరివేపాకూ లేదు. కరివేపాకు తీసేయించినందుకు మా ఆవిడ విమానం ఎక్కేదాకా కోడలితో ముభావంగా ఉంది. కందిపొడి, ఆవకాయకి మాకు ఇబ్బంది రాలేదు.

ఇక వీసా. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, త్వరగా దొరుకుతుందని ఇంకో దేశానికి కాదు. మాకు అది జర్మనీ. పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకి 45, ఆరేళ్లలోపు ఉచితం. మా ఆరుగురికీ కలిపి 405 యూరోలు, సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జీ వేరే. మెడికల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. 2025 అక్టోబరు నుంచి సరిహద్దులో వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలుపెట్టారు. 12 ఏళ్లలోపు పిల్లలకి వేలిముద్రలు అడగరు.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి వేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా వేయాలి. మే నెలలో వెళ్లాలంటే నవంబరులోనే మొదలుపెట్టొచ్చు, మేం అలాగే చేశాం. ఏప్రిల్ చివర్లో మీ వ్యాసం చదివి ఉత్సాహపడినవాళ్లకి అపాయింట్‌మెంట్ దొరికేసరికి స్కూళ్లు తెరుస్తారు. వచ్చే ఏడాది ఈ వ్యాసాన్ని దీపావళి సంచికలో వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే గార్డు,
కాజీపేట